బోరు కింద మిర్చి: సెన్సర్ల కోసం ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా మేడికొండూరు మండలం. బోరు కింద 3 ఎకరాల సొంత చేలో మిర్చి వేస్తాం, బోదెల ద్వారానే నీళ్లు పెడతాం. డ్రిప్, తేమ సెన్సర్లు, ఫోన్‌తో తెరుచుకునే వాల్వులు కలిపి 2.4 లక్షలంటున్నాడు డీలర్. రెండు పంటల్లో డబ్బు తిరిగొస్తుందట. అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజుకని దాచిన ఎఫ్‌డీ తీయాలా, బంగారం పెట్టాలా?

జవాబు: రెండూ వద్దండీ.

ఆ డీలర్ నీళ్ల ఆదాను కూడా రూపాయల్లో కట్టాడేమో చూడండి. మన దగ్గర వ్యవసాయ కరెంటు ఉచితం. మోటారు తక్కువ తిరిగితే బోరుకు మంచిదే కానీ మీ జేబులోకి వచ్చేదేమీ లేదు. మీకు నిజంగా మిగిలేది కూలి, కలుపు ఖర్చు, ఎరువు, బోరు చివరిదాకా నీళ్లిస్తే దక్కే ఆఖరి కోత. వీటిలో చాలావరకు డ్రిప్‌తోనే వస్తాయి, వాటికి సెన్సర్ అక్కర్లేదు.

డ్రిప్‌కు రాయితీ ఉంది. సన్న, చిన్నకారు రైతులకు కేంద్ర పథకం కింద 55 శాతం, దానిపైన రాష్ట్రం కలిపేది వేరే. ముందు రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. మంజూరు కాకముందే సొంతంగా కొనేస్తే రాయితీ పోయినట్టే. 2025 సెప్టెంబరు నుంచి డ్రిప్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్ పాతదైతే మార్పించండి.

ఇక ఫోన్ సంగతి. మోటారును ఫోన్‌తోనే వేసి ఆపే మొబైల్ స్టార్టర్ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, అదొక్కటి తీసుకోండి. కరెంటు రాగానే మోటారు వేసే ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. దీనికైతే టైము పెట్టొచ్చు. ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గినా ఆపేసే రకమే అడగండి, మోటారు కాలి రీవైండింగ్ చేయించే ఖర్చు తప్పుతుంది. ఎంతసేపు తిప్పాలో లెక్క సులువే. ఎకరాకు 1 మి.మీ. నీరంటే సుమారు 4,000 లీటర్లు. ఎండ ముదిరిన రోజు పైరుకు 5 మి.మీ. కావాలనుకుంటే మూడెకరాలకు 60,000 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే మీ బోరు గంటకు 18,000 పోస్తున్నట్టు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు చాలు. డ్రిప్ బిగించాక మళ్లీ కొలవండి, పోసేది తగ్గొచ్చు.

సెన్సర్లు పనికిరావని కాదు. కానీ మీది నల్లరేగడి అయితే ఎండకు నెర్రెలిచ్చి సెన్సర్ చుట్టూ మట్టి వదులవుతుంది, రీడింగ్ తప్పుతుంది. పైగా ఒక సెన్సర్ చెప్పేది అది పాతిన చోటి సంగతే.

బంగారం ఎందుకు వద్దంటున్నానంటే, డీలర్ లెక్క మంచి ధర మీద కట్టింది. 2025 ఫిబ్రవరిలో మిర్చి పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించి మార్కెట్లో జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాది వస్తే ఫీజూ వడ్డీ ఒకేసారి మీద పడతాయి. పంట రుణం కూడా దీనికి మళ్లించకండి, సకాలంలో కడితే 3 లక్షల దాకా 4 శాతానికే పడే అప్పు అది, విత్తనానికీ మందులకూ ఉంచుకోండి.

సెన్సర్ల మాట ఒక పంట అయ్యాక చూద్దాం. అప్పుడైనా యాప్‌కు ఏటా ఎంత కట్టాలి, సిగ్నల్ లేనప్పుడు వాల్వు చేత్తో తిరుగుతుందా, చెడిపోతే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు అని అడిగి, బిల్లు మీదే రాయించుకోండి.