ముందు ఆ రోడ్డు ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పట్టణం. మా బాబు తొమ్మిదో తరగతి. రోజూ కాలువ గట్టు మీదుగా వంతెన దాటి, మెయిన్ రోడ్డు అంచున సైకిలు మీద బడికి వెళ్తాడు. ఆ రోడ్డులో డ్రైను మీద పలకలు పరిచి ఫుట్‌పాత్ అన్నారు. దాని మీద షాపుల మెట్లు, ర్యాంపులు, మోటారు సైకిళ్లు, టిఫిన్ బండ్లు. రెండు చోట్ల పలకలు విరిగిపోయాయి. మోకాళ్ల నొప్పులున్న మా మామయ్యగారు కూడా రోడ్డు మీదే నడవాలి. రొయ్యల లారీలు, ధాన్యం ట్రాక్టర్లు ఒరుసుకుంటూ పోతుంటాయి. బాబు ఇంటికి వచ్చేదాకా టెన్షనే. మున్సిపల్ ఆఫీసులో అడిగితే రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లదన్నారు. ఆ రోడ్లు, భవనాల శాఖ ఆఫీసుకు వెళ్తే ఫుట్‌పాత్ మున్సిపాలిటీదన్నారు. ఫుట్‌పాత్, సైకిలు దారి కావాలని అడిగే హక్కు చట్టంలో మాకు ఉందా? - ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. ఫుట్‌పాత్ సంగతిలో గట్టిగానే ఉంది. సైకిలు దారి సంగతి కొంచెం వేరు, అది తర్వాత చెబుతాను.

కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో రోడ్డు ప్రమాదాల మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ కేసులోనే 2025 మే 14న కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. అడ్డంకులు లేని, వికలాంగులు కూడా వాడుకోగల ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 7న, పాదచారులు, సైకిళ్ల వంటి ఇంజను లేని బండ్ల రాకపోకలకు, రోడ్ల డిజైన్ ప్రమాణాలకు మోటారు వాహనాల చట్టం కింద ఆరు నెలల్లో నియమాలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మీ అర్జీ మొదటి పేరాలోనే ఈ రెండు తేదీలూ రాయండి. అప్పుడు ఆ కాగితాన్ని మామూలు ఫిర్యాదుల కట్టలో పడేయడం అంత తేలిక కాదు.

ఇక మీ అసలు చిక్కు, మాది కాదంటే మాది కాదనడం. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి. డెల్టాలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. బాబు వెళ్లే దారిలోనే చూడండి. కాలువ గట్టు సాధారణంగా జలవనరుల శాఖది. పట్టణంలోని వీధి మున్సిపాలిటీది. మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది కావచ్చు. భీమవరం, పాలకొల్లు మీదుగా వెళ్లే 165 లాంటి జాతీయ రహదారైతే లెక్క మళ్లీ మారుతుంది. ఒక పిల్లవాడు 2 కిలోమీటర్లు సైకిలు తొక్కితే ముగ్గురు యజమానుల నేల మీద తొక్కుతున్నాడన్నమాట. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత తవ్విన ఈ కాలువల గట్ల మీద ఒకప్పుడు పడవలను తాళ్లతో లాగుతూ మనుషులు నడిచేవారు. ఇవాళ అదే గట్టు మీద నడిచేవాడికి చోటు లేదంటే నాకు బాధగా ఉంటుంది.

అందుకని నోటిమాట వదిలేసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకి ఒకటి, ఆర్ అండ్ బీకి ఒకటి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఫలానా సెంటరు నుంచి ఫలానా సెంటరు దాకా రోడ్డు, డ్రైను, డ్రైను మీది పలకలు ఏ శాఖ నిర్వహణలో ఉన్నాయి? రికార్డుల ప్రకారం రోడ్డు మొత్తం వెడల్పు ఎంత? గత మూడేళ్లలో ఆక్రమణదారులకు ఇచ్చిన నోటీసుల నకళ్లు ఇవ్వండి. ఇంతే అడగండి. "ఎందుకు బాగు చేయలేదు" అని అడగొద్దు. అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు.

జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఒక ఉదయం బడి వేళకు టేపు తీసుకుని వెళ్లండి. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు ఉండాలి. రోడ్డు నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. మీ మామయ్యగారి మోకాళ్లకు ఈ రెండో కొలతే ముఖ్యం. ఏ షాపు ముందు ఎంత మిగిలిందో రాసుకుని, తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి.

తర్వాత ఆర్డీవో గారికి అర్జీ ఇవ్వండి. చాలామందికి తెలియని దారి ఇది. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ప్రకారం ప్రజలు నడిచే దారికి అడ్డం ఉంటే తీసేయమని, లేదంటే కారణం చూపమని ఆదేశించే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. మన దగ్గర ఆయన ఆర్డీవోనే. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణవాసులు డ్రైన్లు, మురుగు గురించి ఇదే సెక్షన్ కింద వెళ్లారు. మున్సిపాలిటీ తన దగ్గర డబ్బుల్లేవంది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఆ సాకును ఒప్పుకోలేదు. మీకూ నిధుల్లేవనే జవాబు వస్తే ఈ తీర్పు చూపించండి. అర్జీ మీద పదిమంది సంతకాలుంటే మేలు. నకలు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

టిఫిన్ బండ్ల విషయంలో మాత్రం తొందరపడొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు రక్షణ ఇచ్చింది. సర్వే పూర్తి చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తరలింపు కూడా కమిషనర్ అధ్యక్షతన ఉండే టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల కమిటీ) సిఫార్సు మీదే జరగాలి. షాపు కట్టిన కాంక్రీటు మెట్లకు అలాంటి రక్షణ లేదు. ఫుట్‌పాత్ మీద బండి పెట్టకూడదని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ముందు మెట్లు, ర్యాంపులు, పార్కింగ్ మీద అడగండి. సాధారణంగా మొదటి దెబ్బ ఇడ్లీ బండి మీద పడుతుంది. ఇరవై అడుగుల మెట్లు అలాగే ఉంటాయి. మీ అర్జీ దానికి కారణం కాకూడదని నా కోరిక.

సైకిలు దారి సంగతి. ప్రతి రోడ్డుకూ సైకిలు ట్రాకు ఉండి తీరాలని నిర్బంధించే చట్టం లేదు. ఫలానా చోట గీత గీయమని కోర్టు కూడా మామూలుగా చెప్పదు. కాబట్టి ట్రాకు కోసం పట్టుబట్టే కన్నా, బాబుకు రేపే పనికొచ్చేవి అడగండి. బడి వేళల్లో ఆ రోడ్డు మీద భారీ వాహనాలు ఆపించడానికి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో వీలుంది. వంతెన దగ్గర స్పీడ్ బ్రేకరు, బడి ముందు జీబ్రా గీతలు, కాలువ వైపు రెయిలింగు అడగండి. ఇవన్నీ చర్చించే జిల్లా రహదారి భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. ట్రాఫిక్ పోలీసులు, ఆర్ అండ్ బీ, మున్సిపాలిటీ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అదే కాబట్టి, మాది కాదనే మాట అక్కడ నిలవదు.

ప్రమాదం మాట రాయడానికి చేయి రావడం లేదు, కానీ తెలిసి ఉండాలి. మోటారు వాహనం సైకిలును గుద్దితే పరిహారం దరఖాస్తు ఆరు నెలల్లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయాలని చట్టం చెబుతోంది. గుద్దిన బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. బండేదీ లేకుండా విరిగిన పలకల్లో పడి గాయపడితే నిర్వహణ శాఖ మీద పరిహారం దావా వేయొచ్చు. చెట్టు కొమ్మ విరిగిపడి స్కూటరు మీద వెళ్తున్న వ్యక్తి చనిపోయిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ కార్పొరేషన్‌నే బాధ్యురాలిని చేసింది. అయితే ఆ పలకలు ప్రమాదకరంగా ఉన్నాయని ముందే రాతపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకుని ఉంటే "మాకు తెలియదు" అనే వాదన నిలవడం కష్టం. అందుకే పలకల గురించి విడిగా ఒక కాగితం ఈ వారమే ఇవ్వండి, మిగతా అర్జీలు నెమ్మదిగా రాసుకోవచ్చు.

రెండు నెలలకీ కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు, అంటే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని పిటిషన్ పెట్టొచ్చు. ఖర్చు గురించి భయపడకండి. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందే హక్కు ఉంది. మీ పట్టణ కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసుకు ఆధార్ కార్డు, రసీదుల నకళ్లు పట్టుకెళ్తే దరఖాస్తు వాళ్లే రాయిస్తారు.