అసోసియేషన్ ఉండే ఫ్లాట్ కొనాలనుకునే కోడలుపిల్లకు

కోడలుపిల్లా,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే కాఫీ తాగతా చూసినా. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్కన ఆ ఫ్లాట్ అల్లుడికి బాగా నచ్చిందంట, నీకేమో అసోసియేషన్ అంటే భయమంట, బెంగుళూరులో అద్దెకుండి వాళ్ల నోటీసులు చదివింది చాలు, సొంతంగా కొనుక్కున్నాక కూడా ఒకరి పెత్తనం ఏంటికి అత్తా అని అడిగినావు. ఫోన్లో చెప్తే మధ్యలో నువ్వు పిల్లోడిని అరస్తా ఉంటావు, మాట తెగిపోతాది, అందుకే రాస్తా ఉండా, నిదానంగా చదువు.

నేను రెండూ చూసినదాన్ని. బైరాగిపట్టెడలో సొంతింట్లో 22 ఏండ్లు, ఈ అపార్ట్‌మెంట్‌లో 11 ఏండ్లు. 40 ఫ్లాట్లు మావి, అందులో రెండేండ్లు ట్రెజరర్‌గా నేనే చేసినా, అంటే తిట్లు తిన్నా తిట్టినా రెండూ అయినాయి.

సొంతింట్లో మనల్ని అడిగేవాడు ఎవడూ లేడు, ఆ సుఖం నిజమే. కానీ ఎండాకాలం బోరు ఎండిపోతే కూడా అడిగేవాడు లేడబ్బా. ట్యాంకరోడికి ఫోన్ చేస్తే ఒక్క ఇంటికైతే రాలేం అమ్మా, మీ సంపు చిన్నది అంటాడు, మీ మామ బిందె తీసుకుని పక్కింటికి పోయేవాడు. ఇక్కడ అసోసియేషన్ నెలనెలా లెక్క కడతాది కాబట్టి అదే ట్యాంకరోడు అడక్కుండానే వస్తాడు. ఊరికి పోవాలంటే తాళమేసి వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి పోతాం, నెల రోజులు మీ వదిన దగ్గర ఉండి వచ్చినా ఇల్లు ఇల్లు మాదిరే ఉంటాది. ఈ రెండిటికే నేనైతే సగం పెత్తనం భరిస్తా.

ఇంగ 2021 నవంబర్ వాన సంగతి. అలిపిరి మెట్లదారిలో నీళ్లు వాగు మాదిరి దిగినాయి, శ్రీకృష్ణ నగర్‌లో ఒకరింట్లో భూమిలో ఉన్న సంపు ఏకంగా పైకి లేచి నిలబడింది, టీవీల్లో నువ్వూ చూసుంటావు. దానికి ఆరు నెలల ముందు మా సెక్రెటరీ సెల్లార్‌లో నీళ్లు తోడే డీజిల్ మోటార్ ఒకటి కొందాం అన్నాడు, 28,000 అవతాది అన్నాడు. ట్రెజరర్‌ను నేను, అనవసర ఖర్చు అని మినిట్స్ బుక్కులో రాసి సంతకం కూడా పెట్టినా. ఆయన వినలా, కమిటీలో నలుగురిని కూడగట్టి కొనేసినాడు, నెల రోజులు మాట్లాడలేదు నేను. ఆ రాత్రి సెల్లార్‌లోకి మోకాటిలోతు నీళ్లు వచ్చేసినాయి, మగోళ్లంతా బండ్లు రోడ్డు మీదికి తోస్తా ఉంటే ఈయన లుంగీ ఎగ్గట్టి ఆ మోటార్ లాక్కొచ్చి తాడు పీకతానే ఉండాడు, పదిసార్లు పీకితే గానీ స్టార్ట్ కాలా. మీటర్ బోర్డుకు జానెడు కింద ఆగినాయి నీళ్లు. ఇంకొంచెం ఎక్కి ఉంటే 40 ఇండ్లకు వారం దినాలు కరెంటు లేకుండా పోయుండేది. నేను రాసిన ఆ పేజీ ఇప్పటికీ ఆఫీసు రూంలో ఉండాది, ఆయన ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు, అదే నాకు ఇంకా గుచ్చుకుంటాది.

సరే, ఇంగ తలనొప్పి పక్క కూడా విను. ఆ సెక్రెటరీ దిగిపోయినాక వచ్చిన కమిటీ మిద్దెకు తాళం వేసింది. ఎవరో కుర్రోళ్లు పైన పుట్టినరోజు చేసుకుని సీసాలు పడేసినారంట, దానికి శిక్ష అందరికీ. నేను రాత్రి సగ్గుబియ్యం వడియాల పిండి ఉడికించి పెట్టుకుని పొద్దున ఆరింటికి గిన్నె, చీర ముక్క ఎత్తుకుని పైకి పోతే తలుపుకు తాళం, తాళంచెవి ప్రెసిడెంట్ దగ్గర, ప్రెసిడెంట్ ఏమో యూనివర్సిటీ గ్రౌండ్‌లో వాకింగ్. ఆయన వచ్చేసరికి తొమ్మిదైంది, పిండి గడ్డ కట్టింది. పైగా రిజిస్టర్‌లో పేరు, టైము, కారణం రాయాలంట. కారణం దగ్గర వడియాలు అని రాసినా. నా దస్తావేజులో కామన్ ఏరియాలో నాకూ వాటా ఉండాదని రాసుండాది, అయినా మిద్దె ఎక్కను పర్మిషన్ కావాల. ఇట్లాంటి చిన్న చిన్నవి, పెద్ద గొడవలు కావు గానీ రోజూ ముల్లు మాదిరి ఉంటాయి.

మన తిరుపతి మాదిరి ఊర్లకు ఉండే తలనొప్పి ఇంకొకటి, రోజువారీ అద్దెలు. కొండకొచ్చే భక్తులకు ఫ్లాట్లు ఒకరోజు, రెండ్రోజులు అని ఇచ్చే ఓనర్లు ఉండారు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి అయితే చెప్పనే వద్దు, రాత్రి మూడింటికి గుండ్లు చేయించుకున్న ఆరుమంది మా బెల్ కొట్టి రూం ఇదేనా అమ్మా అని అడిగినారు పాపం, పిల్లలు చలికి వణకతా ఉండారు, వాళ్ల తప్పేముంది. కింద ఫ్లాటాయన లోపల నిద్రపోతా ఫోన్ ఎత్తలా. లిఫ్ట్ అరిగేది అందరిదీ, అద్దె వచ్చేది ఒకరికి. నువ్వు బెంగుళూరులో ఉంటావు కాబట్టి మీరు కూడా అట్లే ఇద్దామని అల్లుడి మనసులో ఉందేమో, ముందే అడిగి తెలుసుకో, బైలాస్‌లో, అంటే అసోసియేషన్ రాసుకున్న నియమాల్లో, దాని గురించి ఏం రాసినారో చదివి కొనండి, కొన్నాక పోట్లాడొద్దు.

డబ్బు కట్టనోళ్ల సంగతి చెప్తే పుస్తకమవతాది. మూడు ఫ్లాట్లు ఉన్న ఒకాయన, గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి లిఫ్ట్ వాడను, లిఫ్ట్ డబ్బు తీసేసి లెక్క చెప్పండి అంటాడు. నాలుగేండ్ల బాకీ ఆయనది. నేను ట్రెజరర్‌గా ఆయన గుమ్మం ముందు నిలబడి అడుక్కున్నట్టు అడిగినా. నీళ్లు కట్ చేయండి అని గ్రూపులో కొందరు రెచ్చిపోతారు, ఆ పని చేయొద్దని నేనే అడ్డం పడినా, ఆయన కేసు పెడితే మనమే కోర్టు చుట్టూ తిరగాల.

మీ వదిన వాళ్లు టెక్సాస్‌లో కొన్న ఇంటికి కూడా అసోసియేషన్ ఉండాది, అక్కడ కథ తిరగబడింది. గడ్డి పెరిగితే ఉత్తరం, చెత్తడబ్బా రోడ్డు మీద మర్చిపోతే ఉత్తరం, ఇంటికి రంగు మార్చాలంటే వాళ్ల ఒప్పుదల. డబ్బు కట్టకపోతే ఇంటి మీద బాకీ రాయిస్తారు, కోర్టు ఆర్డర్ తెచ్చుకుని ఇల్లు వేలం కూడా వేయొచ్చంట. అది విన్నాక మన మిద్దె తాళమే నయం అనిపించింది నాకు. కానీ వాళ్ల దగ్గర్నే ఇంకో సంగతి కూడా తెలిసింది, 2021 జూన్‌లో ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ అనే చోట 12 అంతస్తుల బిల్డింగ్ అర్ధరాత్రి దాటినాక కూలి 98 మంది పోయినారు. కాంక్రీటు దెబ్బ తినిందని 2018లోనే ఇంజినీర్ రిపోర్ట్ ఇచ్చినాడు, రిపేరుకు ఎవరెంత కట్టాల అని వాళ్లలో వాళ్లు ఏండ్లు వాదించుకున్నారంట. కూలేదానికి కారణాలు వేరే కూడా చెప్తా ఉండారు, అయినా ఆ వాదన మాత్రం నాకు మా జనరల్ బాడీ మీటింగ్ మాదిరే వినిపించింది.

అందుకని ఫ్లాట్‌లో టైల్స్, మాడ్యులర్ కిచెన్ చూసి మురిసిపోకండి, పోయినేడు లెక్కల పుస్తకం అడగండి. అసోసియేషన్ సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిందా, బ్యాంకు ఖాతా అసోసియేషన్ పేరు మీద ఉండాదా, రెండు సంతకాలు ఉంటేనే డబ్బు కదలతాదా లేక సెక్రెటరీ సొంత ఫోన్‌పే నంబరుకు మెయింటెనెన్స్ వేయిస్తా ఉండారా, ఇదొక్కటి చూస్తే చాలు సగం తెలిసిపోతాది. కార్పస్ ఫండ్, అంటే పెద్ద ఖర్చులకని పక్కన పెట్టే మూలధనం, బిల్డర్ దగ్గర్నుంచి వచ్చిందా అని గట్టిగా అడుగు. మా బిల్డర్ ఇదిగో అదిగో అని చివరికి ఎగ్గొట్టినాడు, లిఫ్ట్ మోటార్ పోయిన రోజు తలా 6,000 వేసుకోవాల్సి వచ్చింది, ఆ నెల గ్రూపులో ఒక్కరూ గుడ్ మార్నింగ్ పెట్టలా.

కొత్త బిల్డింగ్ అయితే, బిల్డర్లను అదుపులో పెట్టే 2016 రెరా చట్టం మీకు అండ. ఇల్లు అప్పజెప్పిన ఐదేండ్ల లోపల కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాల. ప్లాన్లు, కాగితాలు, కామన్ ఏరియా అసోసియేషన్‌కు అప్పజెప్పాల్సింది కూడా వాడే. ఓపెన్ పార్కింగ్ కామన్ ఏరియా కిందికే వస్తాది, దానికి విడిగా రేటు చెప్తే అల్లుడిని తగువు పెట్టుకోమను, ఆయనకు అది బాగా వచ్చు కదా. పాత ఫ్లాట్ అయితే అమ్మేవాళ్ల దగ్గర నో డ్యూస్ లెటర్, అంటే అసోసియేషన్‌కు బాకీ లేదనే కాగితం, తీసుకోకుండా అడ్వాన్స్ ఇయ్యొద్దు, వాళ్ల బాకీ మీ తలుపు తడతాది. మెయింటెనెన్స్ ఫ్లాట్‌కింతా, అడుగుకింతా అనేది కూడా కనుక్కో, మీది పెద్ద ఫ్లాట్ కాబట్టి తేడా బాగా వస్తాది. జీఎస్టీ గురించి అల్లుడు అడిగినాడంట, నెలకు 7,500 దాటితేనే ఆ మాట, మన ఊర్లో ఆ రేటు ఎవరు కడతారు, వదిలేయ్.

మీ కుక్క గురించి కంగారు వద్దు. కుక్కల్ని పెంచకూడదని అసోసియేషన్ తీర్మానం చేసినా చెల్లదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే చెప్పింది. లిఫ్ట్‌లో అది పాడు చేస్తే మాత్రం నువ్వే తుడవాల, బోర్డు వచ్చి తుడవదు.

ఇన్ని చెప్పినా నన్నడిగితే కొనమనే అంటా, ఒక షరతు మీద. మొదటి ఏడు ఏ పదవీ తీసుకోవద్దు, మీటింగ్‌కు మాత్రం ఒక్కటి కూడా తప్పొద్దు, బెంగుళూరు నుంచి బస్సెక్కి వచ్చైనా కూర్చో. రానోళ్ల తరపున వచ్చినోళ్లే నిర్ణయిస్తారు, మా మిద్దెకు తాళం పడిన మీటింగ్‌కు నేను పోలేదు, ఆ రోజు పెండ్లికి చంద్రగిరి పోయినా.

ఆదివారం వస్తా ఉండారు కదా, పొద్దున కాకుండా సాయంత్రం ఆరింటికి పోండి ఫ్లాట్ చూసేకి, అప్పుడైతే లిఫ్ట్ దగ్గర జనాలుంటారు, నలుగురితో మాటలు కలుస్తాయి. నోటీస్ బోర్డు ఫోటో తీసి నాకు పంపు. రాత్రికి సంగటి, చెనిక్కాయల పచ్చడి చేస్తా, తినేసి పోదురు. అట్లే అక్కడ వాచ్‌మన్‌ను మెల్లగా ఒక మాట అడుగు, మిద్దె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటాది అని.

మీ అత్త