ఒంగోలు వైపు 5.4 కంటే పెద్ద భూకంపం వచ్చే అవకాశం ఉందా?

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చిన 5.4 భూకంపమే మన వైపు పెద్దది కదా, కొత్త ఇంటికి ఆ అంకె లెక్కలో పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ.

నాది దర్శి వైపు ఊరు, చేసేది స్ట్రక్చరల్ డిజైన్ పని. నెల్లూరు జిల్లాలో ఒక ఫ్యాక్టరీ స్థలానికి భూకంప ప్రమాదాన్ని అంచనా వేసిన టీంలో కొన్నాళ్లు పనిచేశాను. మేం ఎక్కువగా వాదించుకున్నది ఈ ప్రశ్న మీదే: ఇక్కడ రాగల అతి పెద్దది ఎంత?

రికార్డులో ఉన్న పెద్దది వేరు, రాగల పెద్దది వేరు. మన ప్రాంతంలో యంత్రాలతో నమ్మకంగా నమోదైన లెక్క 1960ల నుంచే ఉంది. మనలాంటి పాత గట్టి రాతి నేలలో భూమి లోపలి ఒకే పగులు రెండోసారి గట్టిగా కదలడానికి వేల ఏళ్లు పట్టొచ్చు. అరవై ఏళ్లు చూసి ఇంతకు మించి రాదనడం, ఒక్క ఎండాకాలం చూసి గుండ్లకమ్మకు వరద రాదన్నట్టే. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 వచ్చింది. అప్పటి మ్యాప్‌లో ఆ ఊరు జోన్ 1, అంటే ప్రమాదం అన్నిటికంటే తక్కువ అనుకున్న చోటు. దాదాపు 10,000 మంది చనిపోయారు. 5.4కి, 6.2కి తేడా 0.8 మాత్రమే అనిపిస్తుంది కానీ, విడుదలయ్యే శక్తి 16 రెట్లు.

మరి అంచనా ఎలా వేస్తారు? ముఖ్యమైన దారి పగులు పొడవు. భూమిలో ఎంత పొడవున చీలితే ఎంత భూకంపం వస్తుందో, ప్రపంచమంతటా జరిగినవాటిని పోగేసి 1994లో వెల్స్, కాపర్‌స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సూత్రాలు ఇచ్చారు. వాటి ప్రకారం లోపల 10 కిలోమీటర్లు చీలితే 6కి కాస్త తక్కువ, 30 కిలోమీటర్లు చీలితే 6.5 దాటుతుంది. సూత్రం తేలికే. చిక్కంతా మ్యాప్‌లో గీసిన పగులు మొత్తం ఒకేసారి కదులుతుందా, ముక్కలుగా కదులుతుందా అన్న దగ్గరే. పొడవంతా తీసుకుంటే అంకె భయపెడుతుంది, ముక్క తీసుకుంటే ధైర్యం చెబుతుంది. పైగా కిల్లారిలోలా మ్యాప్‌కే ఎక్కని పగుళ్లు ఉండొచ్చు. అందుకే మనలాంటి నేల ఉన్న చోట్ల ఇప్పటిదాకా వచ్చిన పెద్దవాటితోనూ పోల్చి చూడాలి. రికార్డులో ఉన్న పెద్దదానికి 0.5 కలపడం అనే పద్ధతీ ఉంది. కానీ రికార్డు ఇంత చిన్నదైనప్పుడు నాకు దాని మీద నమ్మకం లేదు.

పని అప్పగించిన వాళ్లు ఒకే అంకె చెప్పమని ఒత్తిడి చేసేవారు. ఒకే అంకె చెబితే అది అబద్ధమే అవుతుంది. మన వైపు నేనైతే 6 నుంచి 6.5 దాకా ఆలోచిస్తాను. వస్తుందని కాదు, రాదని చెప్పే ఆధారం లేదని. 2001లో గుజరాత్‌లోని కచ్‌లో వచ్చిన 7.7ను మాత్రం ఇక్కడికి తెచ్చి టెన్షన్ పడొద్దు, ఆ నేల వేరు.

2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా ప్రకంపనలు వచ్చినప్పుడు అమ్మ ఫోన్ చేసి, "గిన్నెలు గలగలమన్నాయిరా, అందరం బజార్లోకి వచ్చేశాం" అంది. పక్కనే ఎవరో "చిన్నవి వచ్చిపోతే మంచిదేలే, లోపలి ఒత్తిడి తగ్గుద్ది" అంటున్నారు. తగ్గదు. ఒక్క 6 భూకంపం శక్తికి సమానం కావాలంటే 3 అంకె ఉన్న అలాంటి చిన్నవి 30,000కు పైగా రావాలి. అలాగని అవి పెద్దదానికి సూచన అనీ చెప్పలేం, చాలావరకు అలాగే వచ్చి ఆగిపోతాయి.

ఇక మీ ఇంటి సంగతి. ఇంటికి ముఖ్యం మాగ్నిట్యూడ్ (5.4, 6.2 లాంటి ఆ అంకె) కాదు, మీ స్థలంలో నేల ఎంత ఊగుతుందన్నది. దూరాన వచ్చిన 6.5 కంటే మీ కాళ్ల కింద వచ్చిన 5.5 ఎక్కువ నష్టం చేయగలదు. 2002 నాటి మ్యాప్‌లో ఒంగోలు, నెల్లూరు జోన్ 3లో, అంటే ఒక మోస్తరు ప్రమాదం ఉన్న చోట ఉన్నాయి. మీ ఇంజనీరు కనీసం జోన్ 3కి డిజైన్ చేశారా అని అడగండి. సముద్రం దగ్గరి ఇసుక నేలైతే మట్టి పరీక్ష తప్పనిసరి. నేను సైట్‌కి వెళ్తే ముందు చూసేది పిల్లర్ నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు. రింగు కొసలు 90 డిగ్రీలు వంచి వదిలేస్తుంటారు, పని త్వరగా అవుతుందని. గట్టిగా ఊగినప్పుడు పైపొర కాంక్రీటు రాలిపోయి ఆ కొసలు విచ్చుకుంటాయి, లోపలి కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. కొస 135 డిగ్రీలు వంగి పిల్లర్ లోపలికి దిగాలి. బీమ్ కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. షట్టరింగ్ బిగించాక ఇవేవీ కనపడవు, కాబట్టి కడ్డీలు కట్టే రోజే మీరు అక్కడ ఉండండి.