మ్యాజిక్ సాధనకు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

పి.సి. సర్కార్ చేసేది కాదు, ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర 'కె' ఉన్న మ్యాజిక్, అంటే క్రతువులతో చేసే సాధన గురించి కదా మీరు అడిగింది. ఆ 'కె' తగిలించింది అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మంత్రసాధకుడు, స్టేజీ గారడీతో కలిపేయకుండా. అందరూ మీకు ముందుగా 1929 నాటి ఆయన పుస్తకం 'మ్యాజిక్ ఇన్ థియరీ అండ్ ప్రాక్టీస్' పేరే చెప్తారు. కొనకండి. 'ఇది అందరి కోసం' అని మొదట్లోనే రాశాడు గానీ, పది పేజీలు దాటేసరికి నాకు తల తిరిగిపోయింది.

నేను ఇజ్రాయెల్ రెగార్డీ అనే రచయిత పుస్తకం 'ది గోల్డెన్ డాన్'తో మొదలుపెట్టాను. 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘం గుట్టుగా దాచుకున్న క్రతువుల్ని ఆయన 1937-40 మధ్య నాలుగు సంపుటాలుగా అచ్చేసి పెట్టాడు. అవన్నీ కలిపిన లావుపాటి ప్రతి అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద, ఎంసెట్ గైడ్ల కింద దొరికింది. నాలుగొందలన్నాడు, బేరమాడితే రెండొందల యాభైకిచ్చాడు.

అప్పుడు చిక్కడపల్లిలో అద్దె గది. మొదటి పాఠం పెంటాగ్రామ్ క్రతువు. తూర్పుకి తిరిగి గాల్లో ఐదు కొనల నక్షత్రం గీసి, హీబ్రూలో దేవుడి పేరు ఒళ్లంతా అదిరేలా పలకాలి. తర్వాత దక్షిణం, పడమర, ఉత్తరం. రాత్రి పదకొండింటికి 'యోద్ హే వావ్ హే' అని తూర్పు ముగించి, దక్షిణానికి తిరిగి 'అదోనాయ్' ఎత్తుకున్నానో లేదో, తలుపు దబదబా బాదారు. ఓనర్ ఆంటీ.

"ఏం బాబూ, కడుపునొప్పా?"

"లేదాంటీ, ప్రాణాయామం."

నమ్మలేదు. పొద్దున చూస్తే నా గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. నా ఐదు కొనల నక్షత్రం చేసే పనీ అదే, చెడుని గడప దాటనివ్వకపోవడం. ఆవిడకి పది రూపాయల్లో అయిపోయింది.

ఈ పీడీఎఫ్‌ల గోల ఒకటి. ఐదొందల పుస్తకాలు ఒకేసారి డౌన్‌లోడ్ చేసుకున్నవాడు ఒక్కటైనా పూర్తిచేయగా నేను చూడలేదు. ఇక అట్ట మీద 'వశీకరణం', 'ధనాకర్షణ' అని కనిపిస్తే అక్కడే వదిలేసి రండి. నిజంగా ధనం వచ్చేదైతే రాసినాయన నలభై రూపాయలకి అమ్ముకుంటాడా?

క్రౌలీ చెప్పినవాటిలో నాకు పనికొచ్చింది ఒక్కటే: చేసిన ప్రతిసారీ టైము, చోటు, వాతావరణం, ఒంట్లో ఎలా ఉందో, మనసెలా ఉందో రాసిపెట్టుకోమన్నది. అందుకని రెగార్డీతో పాటు ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కూడా కొనండి. నేను నలభై రోజులు రాశాను, ఆంటీకి వినపడకుండా గొణుక్కుంటూనే. చివర్లో తిరగేస్తే, క్రతువు బాగా కుదిరిందని రాసుకున్న రోజులన్నీ మధ్యాహ్నం నిద్రపోయిన రోజులే.