పక్షుల జీనోమ్‌లో ట్రాన్స్‌పోజాన్లు పది శాతమే అయితే వాటి మీద పని చేయడం దండగా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పక్షుల్లోని ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్లను, అంటే జీనోమ్‌లో (జీవి మొత్తం డీఎన్‌ఏలో) కొత్త చోట్ల చేరగల ట్రాన్స్‌పోజాన్లను తీసుకుందామనుకుంటున్నాను. మనిషి జీనోమ్‌లో అవి సగం దాకా ఉంటాయి, పక్షుల్లో పది శాతం కూడా ఉండవు, చూడ్డానికి ఏముంటుంది అంటున్నారు సీనియర్లు. నిజమేనా?

జవాబు:

తప్పకుండా తీసుకోండి. పక్షుల జీనోమ్‌లలో రిపీట్లను (పదేపదే కనిపించే వరసలను, ఎక్కువగా ట్రాన్స్‌పోజాన్లే) గుర్తించి, వాటికి లైబ్రరీలు (నమూనా వరసల జాబితాలు) తయారుచేసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ఆ పది శాతం అంకె ఈ రంగానికి చాలా అన్యాయం చేసింది. అది ఇప్పుడు మిగిలి ఉన్నదాని లెక్క మాత్రమే. ఖాతాలో నిల్వ చూసి జమాఖర్చులు చెప్పలేం కదా, ఇదీ అంతే.

మీ సీనియర్లు చెప్పిన అంకెల్లో తప్పు లేదు. మనిషి జీనోమ్ సుమారు 310 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు (బేస్‌లు). కొన్ని హమ్మింగ్‌బర్డ్‌లలో అది 100 కోట్లకు లోపే, ఉష్ట్రపక్షిలో 200 కోట్ల పైచిలుకు, మిగతా పక్షులన్నీ ఆ మధ్యలో. 48 జాతుల జీనోమ్‌లను పోల్చి 2014లో ప్రచురించిన అధ్యయనంలో చాలా పక్షులకు ట్రాన్స్‌పోజాన్ల వాటా 4 నుంచి 10 శాతం మధ్యే వచ్చింది. ఎగరడానికి శక్తి చాలా కావాలి, చిన్న కణాలు దానికి అనువు, అందుకే జీనోమ్ చిన్నదైంది అనే వివరణ మీరు చదివే ఉంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, గబ్బిలాల జీనోమ్ కూడా చిన్నదే. కానీ శిలాజ ఎముకల్లో కణాలుండే గుంతల కొలతల్ని బట్టి జీనోమ్ పరిమాణాన్ని అంచనా వేసిన 2007 నాటి పరిశోధన ప్రకారం, పక్షుల పూర్వీకులైన డైనోసార్లలో జీనోమ్ ఎగరడం మొదలుకాక ముందే చిన్నదైపోయింది. కాబట్టి ఎగరడమే మూలకారణం అని ప్రాజెక్టు రిపోర్టులో రాసేయకండి.

ఇక అసలు సంగతి. 2017లో కపుస్తా, సూ, ఫెషోట్ కలిసి పక్షుల్లోనూ క్షీరదాల్లోనూ ఎంత డీఎన్‌ఏ చేరింది, ఎంత ఊడిపోయింది అని విడివిడిగా లెక్కగట్టారు. పక్షుల్లో కొత్త డీఎన్‌ఏ చేరుతూనే ఉంది, పాతది కత్తిరింపుల్లో పోతూనే ఉంది. రెండూ దాదాపు సరిసమానంగా నడవడంతో పైకి ఏమీ కదలనట్టు కనిపిస్తుంది. దీనికి వడ్రంగిపిట్ట మంచి ఉదాహరణ. 2014 అధ్యయనంలో డౌనీ వడ్రంగిపిట్టకు ట్రాన్స్‌పోజాన్ల వాటా 22 శాతం వచ్చింది. అయినా దాని జీనోమ్ మిగతా పక్షుల స్థాయిలోనే ఉంది. అంత సరుకు లోపలికి వచ్చినా పరిమాణం ఉబ్బలేదంటే అటువైపు నుంచి ఎంతో బయటికి పోయి ఉండాలి. నన్నడిగితే ఒక్క వడ్రంగిపిట్టల మీదే ఓ పీహెచ్‌డీ చేయొచ్చు.

ఆ వడ్రంగిపిట్టలో పెరిగినవి ప్రధానంగా సీఆర్1 కుటుంబం రెట్రోట్రాన్స్‌పోజాన్లు (ఆర్‌ఎన్‌ఏ ద్వారా తమ ప్రతులు చేసుకునేవి). పక్షుల్లో పని మొదలుపెడితే మీకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే. 2004లో వెలువడిన కోడి జీనోమ్‌లో వీటి ప్రతులు 2 లక్షలకు పైగా దొరికాయి. పూర్తి సీఆర్1 పొడవు దాదాపు 4,500 అక్షరాలు, కానీ చేతికి దొరికేవి దాదాపు అన్నీ ముందు భాగం తెగిపోయిన తోక ముక్కలే. తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకునే పని తోక వైపు నుంచి మొదలై మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి అలా జరుగుతుంది. మనుషుల్లోని ఎల్1 అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ ఇతర ఆర్‌ఎన్‌ఏలను కూడా మోసుకొచ్చి అతికిస్తుంది, ఆలూ లాంటి పొట్టి ట్రాన్స్‌పోజాన్లు లక్షల్లో పెరగడానికి అదే కారణం. సీఆర్1 అలా ఇతరులను మోయడం చాలా అరుదు. పక్షుల్లో ట్రాన్స్‌పోజాన్లు తక్కువగా ఉండటానికి ఇది కూడా ఒక ముఖ్య కారణం, దీని గురించి ఎందుకో తక్కువగా మాట్లాడుకుంటారు.

తక్కువ అంటే ప్రభావం తక్కువ అనుకోకండి. ఐరోపాలో నల్లకాకి, బూడిదరంగు ఒంటి కాకి పక్కపక్క ప్రాంతాల్లో ఉంటాయి, మధ్యలో సంకరం కూడా జరుగుతుంది. బూడిదరంగు కాకుల్లో ఎన్‌డీపీ అనే జన్యువుకు ముందు సుమారు 2,250 అక్షరాల రెట్రోట్రాన్స్‌పోజాన్ ఒకటి చేరి ఉందని, ఆ జన్యువు పనితనం తగ్గడంతోనూ ఈకల రంగుతోనూ దానికి సంబంధం ఉందని 2020లో చూపించారు. దక్షిణ అమెరికా అరౌకానా కోళ్లు, చైనాలోని కొన్ని కోళ్లు నీలిరంగు గుడ్లు పెట్టడానికి కారణం కూడా ఒక రెట్రోవైరస్ ముక్కే. ఎస్‌ఎల్‌సీఓ1బీ3 అనే జన్యువు పక్కన అది దూరి, పెంకు తయారయ్యే చోట ఆ జన్యువును పనిచేయించింది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది ఏంటంటే, అమెరికా కోళ్లలోనూ చైనా కోళ్లలోనూ అది వేర్వేరుగా, పక్కపక్క చోట్ల దూరింది. ఒకే జన్యువు పక్కన, ఒకే రకం వైరస్, ఒకే ఫలితం.

చరిత్ర రాబట్టడానికీ ఇవి పనికొస్తాయి. రెండు జాతుల్లో సరిగ్గా ఒకే చోట ఒకే ముక్క ఉందంటే, అది వాటి ఉమ్మడి పూర్వీకుడిలోనే చేరిందని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. పిచ్చుకలు, కాకులు ఉండే వర్గానికి అతి దగ్గరి బంధువులు చిలుకలే అని 2011లో గట్టిపరిచింది ఇలాంటి ముక్కలే. 2015లో ఇలాంటి ముక్కలు రెండు వేలకు పైగా పోల్చి చూస్తే, కొన్ని ఒక వంశవృక్షాన్ని, మరికొన్ని ఇంకోదాన్ని సూచించాయి. ఆధునిక పక్షులు అంత వేగంగా చీలిపోయాయన్నమాట, ఒక చీలిక స్థిరపడకముందే మరో చీలిక. ఇంకొకటి కూడా చెప్పాలి. ఏవీఆర్‌టీఈ అనే ట్రాన్స్‌పోజాన్ కొన్ని పక్షుల్లోనూ, బోదకాలు కలిగించే ఫైలేరియా పురుగుల్లోనూ ఉంది. కోట్ల ఏళ్ల కిందట పక్షులకూ పరాన్నజీవులకూ మధ్య ఇవి అటూఇటూ మారాయని 2016లో తేల్చారు. వ్యాధుల చరిత్ర కూడా పక్షి డీఎన్‌ఏలో దొరుకుతుందన్నమాట.

ఇప్పుడు నా పని అనుభవంలోంచి కొన్ని మాటలు.

మీరు వాడబోయే అసెంబ్లీ (ముక్కలుగా చదివిన డీఎన్‌ఏను కలిపి కట్టిన జీనోమ్) ఎలా వచ్చిందో ముందు చూసుకోండి. పొట్టి రీడ్‌లతో (ఒక్కోసారి చదివిన ముక్కలతో) కట్టినదైతే, ఒకేలా ఉండే ప్రతులన్నీ కలిసిపోతాయి లేదా ఖాళీలుగా మిగులుతాయి. మొన్నమొన్న చేరిన ప్రతులే ఒకదానికొకటి ఎక్కువ పోలి ఉంటాయి కాబట్టి ముందు మాయమయ్యేవీ అవే. మా దగ్గర ఒక పాటపక్షికి పాత అసెంబ్లీ, పొడవు రీడ్‌లతో కట్టిన కొత్త అసెంబ్లీ రెండూ ఉండేవి. అదే లైబ్రరీతో రెండింటినీ మాస్క్ చేస్తే (రిపీట్లను గుర్తిస్తే) కొత్తదాంట్లో ఎల్‌టీఆర్ రకాలు (రెండు చివర్లా ఒకే వరస ఉండే, రెట్రోవైరస్ లాంటి ట్రాన్స్‌పోజాన్లు) కళ్లకు కట్టినట్టు పెరిగాయి. సీఆర్1 పెద్దగా మారలేదు, అవి పాతవి, చిన్నవి కాబట్టి.

రెండోది ఆడా మగా అన్నది. పక్షుల్లో ఆడవాటికే జెడ్, డబ్ల్యూ అనే లింగ క్రోమోజోమ్‌లు రెండూ ఉంటాయి. డబ్ల్యూ క్రోమోజోమ్‌లో చాలా భాగం జోడీతో మార్పిడి చేసుకోదు, అందువల్ల అక్కడ చేరిన ట్రాన్స్‌పోజాన్లు తేలిగ్గా తొలగిపోవు. పూర్తి నిడివితో ఉన్న ఎండోజీనస్ రెట్రోవైరస్‌లు (ఎప్పుడో జీనోమ్‌లో చేరి వారసత్వంగా వస్తున్నవి) అక్కడే గుట్టలుగా ఉంటాయి. 2010 నాటి జీబ్రా ఫించ్ జీనోమ్ మగ పక్షిది, అలా మగవాటితో చేసిన ప్రాజెక్టులు ఇంకా ఉన్నాయి. వాటిలో ఈ భాగం మొత్తం కనపడదు. ఆ పది శాతం మాట బలపడటానికి ఇది కూడా ఓ కారణమే.

ఇక లైబ్రరీ. రిపీట్లను వెతికి పెట్టే రిపీట్‌మోడెలర్ ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాన్ని నేరుగా, లైబ్రరీతో వాటిని గుర్తించే రిపీట్‌మాస్కర్‌కు ఇచ్చి పై-చార్ట్ (pie chart) గీసి ముగించాలనిపిస్తుంది, టైం తక్కువున్నప్పుడు మరీ. దయచేసి అలా చేయకండి. 'అన్‌నోన్' అని వచ్చిన వాటిలో ఎక్కువ ప్రతులున్న కొన్నింటినైనా తీసుకుని, ఆ ప్రతుల్ని అటూఇటూ పొడిగించి, అలైన్ చేసి, ఎక్కడ పోలిక ఆగిపోతుందో కళ్లతో చూడండి. ఎల్‌టీఆర్ అంచుల్లో టీజీ, సీఏ అక్షరాలు ఉన్నాయా, పక్కన టార్గెట్ డూప్లికేషన్ (చేరేటప్పుడు రెండు పక్కలా ఏర్పడే చిన్న నకలు) ఉందా చూసుకోవాలి. ఓపిక కావాలి, కానీ ఈ పని నాకు నేర్పినంత ఏ పేపరూ నేర్పలేదు. ఒక కన్సెన్సస్ (ప్రతులన్నిటినీ పోల్చి తీసిన ఉమ్మడి వరస) సరిచేశాక, అంతవరకూ ముక్కలుగా కనిపించినవి ఒక్కటిగా కలిసి, ఒక పూర్తి వైరస్ రూపం బయటపడినప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

ఎమ్మెస్సీకి ఉండే కాలంలో పది జాతుల జోలికి పోవద్దు. పొడవు రీడ్‌లతో కట్టిన, ఆడ పక్షి నుంచి వచ్చిన ఒక జీనోమ్, దానికి దగ్గరి బంధువు ఇంకొకటి చాలు. ఒకదాంట్లో ఉండి ఇంకొకదాంట్లో లేని ముక్కల జాబితా తీసి, అవి ఏ జన్యువుల పక్కన పడ్డాయో చూడండి. మీ గైడ్‌ను ముందుగా అడగాల్సింది కూడా ఇదే: ల్యాబ్‌లో ఉన్న శాంపిల్ ఆడదా, మగదా?