అనుభవవాదం ఎక్కడ పుట్టింది, ఎక్కడ ఆగిపోతుంది?

మన జ్ఞానానికి మూలం ఇంద్రియాల ద్వారా కలిగే అనుభవమే అనేది అనుభవవాదం. పాఠ్యపుస్తకాలు దీన్ని సాధారణంగా 17వ శతాబ్దపు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్‌తో మొదలుపెడతాయి. పుట్టినప్పుడు మనసు తెల్లకాగితమని, దాని మీద రాసేది అనుభవమేనని ఆయన వాదన. బర్క్‌లీ, హ్యూమ్ ఆ దారినే నడిచారు. కానీ 'ప్రత్యక్షమే ప్రమాణం', అంటే ఇంద్రియాలకు నేరుగా తెలిసేదే నమ్మదగింది అన్న చార్వాకులు (ప్రాచీన భారత భౌతికవాదులు) వీళ్లకంటే ఎన్నో శతాబ్దాల ముందువాళ్లు. పాపం, వాళ్ల మాటలు ఎక్కువగా ప్రత్యర్థుల గ్రంథాల్లోనే మిగిలాయి.

అసలు చిక్కు 1739లో హ్యూమ్ పట్టుకున్నాడు. అదేమిటో తెలియాలంటే మా విశాఖ సంగతే చూడండి. సముద్రం ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ, చుట్టూ మరికొన్ని కొండలు ఉన్నాయి కాబట్టి తుపాను ఊరి మీదకు రాదని ఇక్కడ చాలామంది ధీమాగా ఉండేవారు. చాలా తుపాన్లు అటో ఇటో తీరం దాటేవి గనక, అదీ అనుభవం నేర్పిన మాటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఇక్కడే తీరం దాటింది. ఇన్నాళ్లూ జరిగిందే రేపూ జరుగుతుందని అనుభవం హామీ ఇవ్వలేదు. 'ఇంతవరకూ అనుభవాన్ని నమ్మితే పనిజరిగింది కదా' అంటారా? ముద్దాయినే సాక్షిగా పిలిచినట్టు! చార్వాకులూ అడిగింది దాదాపు ఇదే: పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందని అన్నిచోట్లా తిరిగి చూసినవాడెవడు?

ఇంకోటి, 'జ్ఞానమంతా అనుభవం నుంచే' అన్న ఆ వాక్యం ఏ అనుభవం నుంచి వచ్చింది? జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లో రాజీ కుదిర్చాడు: జ్ఞానం అనుభవంతోనే మొదలవుతుంది, కానీ స్థలం, కాలం, కార్యకారణం లాంటి చట్రాలు మనసు ముందే సమకూర్చుకుంటుంది. నాకైతే హ్యూమ్ ప్రశ్న ఇంకా అలాగే ఉందనిపిస్తుంది. హ్యూమ్ కూడా దాన్ని విప్పలేదు, అలవాటు కొద్దీ నమ్ముతున్నామని చెప్పి ఊరుకున్నాడు.