బుజ్జికి, గరాజ్ గురించీ అమ్మమ్మ చీరల గురించీ

చిరంజీవి బుజ్జికి,

ఒమాహా నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే నువ్వు బట్ట కోసే డై కటింగ్ మెషీన్, దాంతోపాటు అట్టపెట్టెడు డైలు కొన్నావట. గరాజ్‌లో సగం ఖాళీ చేసి, బట్ట ముక్కలు కలిపి బొంతలు కుట్టుకోవడానికి క్విల్టింగ్ రూమ్ కడుతున్నావట. వింటుంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఈ పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఆ తర్వాత, "అమ్మమ్మ చీరల పెట్టె కూడా దానికే పంపించానక్కా, వాటితోనే మొదలెడతానంది" అంది మీ అమ్మ. ఇక రాత్రంతా నాకు టెన్షనే.

ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చదివేదాకా ఆ పెట్టె తెరవకు.

ముందు గరాజ్ సంగతి. మీ టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఎండాకాలం బయటే 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. తలుపు మూసిన గరాజ్ ఎలా ఉడికిపోతుందో నేను చెప్పాలా? డై అంటే పలకలో నిలువుగా దించిన ఉక్కు బ్లేడు, దాని చుట్టూ మెత్తటి ఫోమ్. చెప్పుల ఫ్యాక్టరీల్లో తోలు కోసే పద్ధతే ఇది, మన చేతికి వచ్చేసరికి చిన్నదైంది. బ్లేడుకి తేమ పడదు, తుప్పు పడుతుంది. ఫోమ్‌కి వేడి పడదు, కొన్నాళ్లకి గట్టిపడి పొడిగా రాలుతుంది. బట్ట మీద పెట్టే ప్లాస్టిక్ మ్యాట్ వేడికి వంగిపోతుంది. కోసిన ముక్కని పైకి నెట్టి మన చేతికిచ్చేది ఆ ఫోమే. అది పోయిందంటే ప్రతి ముక్కా బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటుంది, పుల్లతో గీరి తీసుకుంటూ కూర్చోవాలి. నువ్వు కొన్నవి పాతవి కాబట్టి ఒక్కొక్క డై తీసి ఫోమ్ మీద వేలితో మెల్లగా నొక్కి చూడు. మళ్లీ పైకి లేస్తే మంచిదే. గుంట పడి అలాగే ఉండిపోతే దాన్ని పక్కన పెట్టు.

మెషీన్ గరాజ్‌లో పెట్టుకున్నా నేను ఏమీ అనను. డైలు, మ్యాట్లు మాత్రం ఇంట్లో ఏసీ తగిలే చోట ఉండాలి. అసలు పైనున్న గెస్ట్ రూమ్‌లోనే అంతా సర్దుకోవచ్చుగా? మీ అత్తగారు వస్తే ఎక్కడ పడుకుంటారంటావు. ఆవిడ వచ్చేది ఏడాదికోసారి, నువ్వు కుట్టుకునేది రోజూ. ఇది మాత్రం మీ అత్తగారికి చదివి వినిపించకు.

డైలని పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. కింద ఉన్నదాని ఫోమ్ అణిగిపోతుంది. అరలో పుస్తకాల్లా నిలబెట్టు, రెండేసి డైల మధ్య ఒక అట్టముక్క పెట్టు. దీని కోసం ఖరీదైన ర్యాకులు అమ్ముతారు, కొనకు. ఇండియన్ స్టోర్‌లో దొరికే స్టీలు కంచాల స్టాండు తెచ్చుకో. 6 బై 12 అంగుళాల డైలు అందులో చక్కగా నిలబడతాయి. మా వంటింట్లోంచి పైకి వెళ్లిన స్టాండు ఇప్పటికీ ఆ పనిలోనే ఉంది. 10 బై 24 సైజువి బరువు, వాటిని గోడకి ఆనించి ముందు ఒక అడ్డుకర్ర కొట్టించు. లేకపోతే జారి కాలి మీద పడతాయి.

ప్రతి డై అంచు మీద టేపు అంటించి సైజు రాసుకో, అదీ రెండు సైజులూ. నాలుగున్నర అంగుళాల చదరం డైతో కోసిన ముక్క, నాలుగు పక్కలా పావు అంగుళం కుట్టు పోయాక నాలుగే మిగులుతుంది. రెండూ రాసుకోకపోతే అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకటనుకుని ఇంకొకటి తీస్తావు. మ్యాట్లని మాత్రం పడుకోబెట్టే ఉంచు. కోసిన ప్రతిసారీ మ్యాట్‌ని తిరగేసి, తల ఇటుదటు మార్చి పెట్టు. ఒకే వైపు వాడితే విల్లులా వంగుతుంది. గీతలు పడితే భయపడకు, గీతలు పడటానికే అది ఉంది.

కోయడం ఐదు నిమిషాల్లో వస్తుంది. డై ఫోమ్ పైకి ఉండేలా పెట్టు, మీద బట్ట, ఆ పైన మ్యాట్, రోలర్ల దగ్గరికి తోసి హ్యాండిల్ తిప్పు. టక్‌మని చప్పుళ్లు వస్తాయి, వస్తే రానీ. గుండుసూది ఒక్కటి కూడా బట్టలో ఉండకూడదు. పొడుగాటి బ్లేడు మొత్తం రోలర్ కింద ఒకేసారి పడేలా కాకుండా మూల ముందు వెళ్లేలా పెడితే చేతికి తేలిక. ఫోమ్ మీద బ్లేడు ఉన్నచోట మార్కర్‌తో గీత గీసుకుని, బాగా ఆరనిచ్చి వాడు. బట్ట ఎంతవరకు పరచాలో కనిపిస్తుంది, గుడ్డ వృథా కాదు. బ్లేడు పక్కన దారప్పోగులు చేరితే ఎప్పటికప్పుడు తీసెయ్. చున్నీ వేసుకుని హ్యాండిల్ దగ్గరికి వెళ్లకు, జడ ముడి వేసుకో.

ఇక మీ వాడు. నాలుగేళ్లవాడు, చేతికందింది తిప్పకుండా ఉండడు. ఫోమ్‌లో బ్లేడు కనపడదు కాబట్టి డై మెత్తగా దిండులా ఉంటుంది, పిల్లలకి అరచెయ్యి వేసి నొక్కాలనిపిస్తుంది. నొక్కితే తెగుతుంది. డైలు వాడికి అందని ఎత్తులో ఉండాలి. పని అయిపోగానే మెషీన్ రెక్కలు మడిచి మూసెయ్. నీది కరెంటుదో చేత్తో తిప్పేదో మీ అమ్మకి తెలియలేదు. కరెంటుదైతే ప్లగ్ పీకకుండా ఆ గదిలోంచి బయటికి రాకు. ఈ ఒక్క విషయంలో నేను గయ్యాళినే.

ఇప్పుడు అసలు విషయం. ఈ మెషీన్ గొప్పతనమంతా ఒకేసారి 6 పొరల కాటన్ కోస్తుందనేగా? ఆ 6 పొరలే నా భయం.

మీ అక్క పెళ్లికి క్విల్ట్ కుడదామని అమ్మమ్మ దగ్గర మూడు మంగళగిరి చీరలు అడిగి తెచ్చుకున్నాను. సరిగ్గా అప్పుడే నాకు భుజం ఆపరేషన్ అయింది, హ్యాండిల్ తిప్పలేను. మీ పెదనాన్న, "నువ్వు కూర్చో, నేను కోసిపెడతా" అన్నారు. రైల్వేలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి, మిల్లీమీటరు తేడా వస్తే ఒప్పుకోని మనిషి, నాకేం భయం? నేను ఫిజియోథెరపీకి వెళ్లొచ్చేసరికి టేబుల్ మీద రెండున్నర అంగుళాల పట్టీలు కట్టలు కట్టి, కట్టకొక చీటీ పెట్టి సిద్ధంగా ఉన్నాయి. మూడు చీరలూ అయిపోయాయి. ఆయన మొహం వెలిగిపోతోంది.

ఒక పట్టీ తీసి టేబుల్ మీద పరిచాను. మధ్యలో వంకర. ఇంకోటి తీశాను. అదీ వంకరే, కాకపోతే వేరే రకం వంకర.

ఏం జరిగిందంటే, చీర పన్నాని సగానికి మడిచారు. 22, 23 అంగుళాలు వస్తుంది, 24 అంగుళాల డై మీద చక్కగా పడుతుంది. అంచుకి అంచు కలిపారు కూడా. కానీ ఏళ్ల తరబడి మడతల్లో ఉన్న చేనేత బట్ట, పేక దారం, అంటే అడ్డం దారం, ఒక పక్కకి లాగేసి ఉంది. నిలువు దారానికి అడ్డం దారం నిటారుగా లేదు. అంచులు కలిస్తే సరిపోయిందనుకున్నారు, మడత గీత బ్లేడుకి అడ్డంగా తిన్నగా ఉందో లేదో చూడలేదు. మడత కాస్త ఏటవాలుగా పడితే కోసిన పట్టీ విప్పగానే మధ్యలో వంగి కనిపిస్తుంది. పైగా అలా మడిచిన చీరని మూడు వరసలు వేశారు, 6 పొరలు. ఒక్కో వరస ఒక్కో రకంగా జరిగింది, కాబట్టి ఏ రెండు పట్టీల వంకరా కలవదు. ఇంకో తప్పు, గంజి పెట్టలేదు. నిలువు దారం కన్నా అడ్డం దారం ఎక్కువ సాగుతుంది. రోలర్ కింద మెత్తటి బట్ట ఆ దిక్కున సాగి, బయటికొచ్చాక ముడుచుకుంది.

కత్తెరతో కోసి ఉంటే మొదటి పట్టీ దగ్గరే తెలిసేది. చక్రంలా తిరిగే బ్లేడున్న రోటరీ కట్టర్‌తో అయినా రెండో దాని దగ్గర ఆగేవారు. అది 1979లో వచ్చింది. నేను ఎనభైల్లో ఇక్కడికొచ్చి చర్చి బేస్‌మెంట్‌లో నేర్చుకునేటప్పుడు, ఆ ముసలమ్మలు దాన్నే అనుమానంగా చూసేవాళ్లు. అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీసి, కత్తెరతో కోయించేవాళ్లు నాచేత. విసుగొచ్చేది. మీ పెదనాన్న కోసిన పట్టీల ముందు నిలబడ్డప్పుడు వాళ్లంతా గుర్తొచ్చారు.

నేను ఒక్క మాటా అనలేదు. అది ఇంకా భయంకరంగా ఉందని ఆయన ఇప్పటికీ చెబుతారు. కాఫీ పెట్టి తెచ్చి పక్కన కూర్చుని, "ఎక్కడ పొరపాటు చేశానో చెప్పు, నేర్చుకుంటా" అన్నారు. డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషి. ఏమంటాం?

తర్వాత ఇద్దరం కూర్చుని ప్రతి పట్టీనీ వంకర దగ్గర కోసేశాం. వంపు మధ్యలోనేగా, అటూ ఇటూ ఉన్న సగాలు తిన్నగానే ఉన్నాయి. వాటికి గంజి పట్టించి, ఇస్త్రీ చేసి, కొసలు సమం చేసి, పొడుగు వరసలకి బదులు పొట్టి ముక్కలు గోడలో ఇటుకల వరసల్లా పేర్చి కుట్టాను. మీ అక్క అది డిజైన్ అనుకుంటోంది. నువ్వు చెప్పకు.

కాబట్టి నువ్వు చేయాల్సింది వినుకో. అమ్మమ్మ చీరలు ముందు చన్నీళ్లలో విడివిడిగా నానబెట్టు. కలంకారీవి ఉంటే రంగు దిగుతుంది, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చు. ఆరాక వెలుతురుకి పట్టి చూడు, మడతల దగ్గర జల్లెడైపోయి ఉంటాయి కొన్ని. అక్కడ రెండు వేళ్లతో లాగితే చిరిగే బట్ట డైకి పనికిరాదు, బొంత వెనకవైపు వేసుకో. జరీ అంచు కత్తెరతో వేరు చెయ్, దాని మీద డై పెట్టకు. గంజి పెట్టు. స్ప్రే డబ్బా కాదు, అన్నం వార్చిన గంజి పల్చగా కలిపి ముంచు, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చెయ్. కాగితంలా నిలబడాలి. పట్టుచీరైతే వెనకాల సన్నటి ఫ్యూజిబుల్, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే అస్తరు, అంటించకుండా ముట్టుకోకు. పట్టీలు నిలువు దారం వెంట వచ్చేలా, అంటే అంచుకి సమానంగా కోసుకో. చీరకి పొడుగేం తక్కువ, మధ్యలో మడత అవసరమే ఉండదు.

ముందు పాత దుప్పటి మీద కోసి చూడు. ఆ తర్వాత చీర ఒక్క పొర. స్కేలు పెట్టి రెండు కొసల దగ్గరా, మధ్యలోనూ కొలువు. మూడు చోట్లా రెండున్నర ఉంటేనే రెండో పొర వెయ్. చేనేతకి నేను నాలుగు పొరలు దాటను, మెషీన్ ఎన్ని కోస్తుందన్నా సరే.

కొత్త డైల జోలికి అప్పుడే పోకు. ఏనుగులూ నెమళ్లూ చూసి నోరూరుతుంది, ఒకసారి వాడి అరలో పడేస్తావు. చదరాలు, త్రిభుజాలు, దీర్ఘచతురస్రాలు కలిపి 8 డైల సెట్ ఉంటుంది, క్యూబ్ అంటారు. నీ అట్టపెట్టెలో అది ఉంటే అదృష్టం, లేకపోతే కొనాల్సింది అదొక్కటే. దాని త్రిభుజాల కొసలు ముందే కత్తిరించి వస్తాయి, కుట్టేటప్పుడు మూలలు వాటంతటవే కలుస్తాయి. ఇంకేం కొనాలన్నా హ్యూస్టన్‌లో శరదృతువులో జరిగే క్విల్ట్ ఫెస్టివల్‌కి వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి కొను. మీకు కారులో నాలుగు గంటల దారేగా. నన్నూ పిలు, టికెట్ నేనే కొనుక్కుంటా. మా ఊరొస్తే లింకన్‌లో ఉన్న క్విల్ట్ మ్యూజియంకి తీసుకెళ్తాను, ఇక్కణ్నుంచి 50 మైళ్లు. అక్కడ చేత్తో కుట్టిన పాతవాటి ముందు నిలబడితే, అమ్మమ్మ బొంతలు చలికాలం అయ్యాక ఎందుకు పారేశామా అనిపిస్తుంది నాకు.

మొదటి పట్టీ కోసి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరే అన్నాకే మిగతాది. మీ పెదనాన్న కూడా చూస్తానంటున్నారు. ఈ విషయంలో ఆయన మాట వినొచ్చు.

ఇంకొకటి, ఆ పెట్టెలో అడుగున ముదురు ఆకుపచ్చ మంగళగిరి చీర ఉంటుంది, సన్న జరీ అంచుది. అది నాకిస్తానని అమ్మమ్మ అందరి ముందూ అంది. మీ అమ్మని అడుగు, తెలియనట్టు నటిస్తుంది. దాన్ని కోయకుండా నాకు పోస్టులో పంపించు, ఖర్చు నేనిస్తాను.

మీ పెద్దమ్మ